ఎంగిలిపూల చిత్రీకరణ: కెమెరా సంగతి శుక్రవారంలోపు తేలాలి
(మన వాట్సాప్ గ్రూపులో రాసుకున్నది. మనుషుల పేర్లకు బదులు వాళ్ల పేటల పేర్లు.)

కాజీపేట (బుధవారం రాత్రి, డల్లాస్)
అందరికీ నమస్కారం. ఆదివారం అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. హన్మకొండలో వేయి స్తంభాల గుడి దగ్గర మనవాళ్లు తీసే పన్నెండు నిమిషాల చిత్రం ఆ పై శనివారం ఇక్కడి బడి హాలులో తెర మీద పడాలి. చిత్రీకరణ, పూలు, మలీద, సత్తుపిండి, మైకులు, కార్లు నిలిపే చోటు: ఇవీ మిగిలిన పనులు. ఎవరు ఏది చూస్తారో రేపటికల్లా ఇక్కడ రాయండి. పోయినేడాదిలా చివరి రోజు నాకు ఒక్కడికే ఫోన్లు రాకూడదు.

సుబేదారి (కోశాధికారి)
బావా, మొదటి పని దగ్గరే ఆగాలి. కెమెరా అద్దె భరిస్తానన్న దాత సాయంత్రం ఫోను చేసి ఈ ఏడాది కుదరదన్నారు. లెక్కలో రాసుకున్న 40,000 రూపాయలు ఇక లేవు. ఆ పద్దులో నా దగ్గరున్నది 14,500. హైదరాబాద్ అద్దె దుకాణం శుక్రవారం మధ్యాహ్నంలోపు సగం కట్టమంటోంది, డిపాజిట్ వేరే.

ములుగు రోడ్డు
రెండు నెలలుగా సోనీ ఎఫ్ఎక్స్6 అనుకుంటున్నాం. ఇప్పుడు డబ్బు లేదంటే ఎలా వదినా? తలా కొంత వేసుకుందాం. అది సినిమా కెమెరా. ఎండ తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు లోపలే ఉంటుంది, చక్రం తిప్పితే రెండు స్టాపుల నుంచి ఏడు స్టాపుల వరకు వెలుతురు తగ్గుతుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగం కావడం). బయటి తెరకు బొమ్మ పంపే ఎస్‌డీఐ తీగ బిగిస్తే ఊడదు. ఫ్యాను ఉంది, వేడెక్కి ఆగిపోదు. ఒక్కసారి దొరికే సాయంత్రం అది. అమావాస్యను మళ్లీ రమ్మనలేం.

సుబేదారి
తలా కొంత అని నేను ఏప్రిల్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి అడిగాను. ఎవరెవరు ఇచ్చారో నా దగ్గర రాసి ఉంది. ఇక్కడ పెట్టమంటారా?

కాజీపేట
వద్దు వదినా.

చౌరస్తా (గురువారం ఉదయం, హన్మకొండ)
ఇప్పుడే చూశాను. నా దగ్గర సోనీ ఏ7 మార్క్ 4 ఉంది, రెండు లెన్సులున్నాయి, అయిదు బ్యాటరీలున్నాయి. అద్దె అక్కర్లేదు. మా స్టూడియో కుర్రాడికి భోజనం, ఆటో ఖర్చు ఇస్తే చాలు.

ములుగు రోడ్డు
తమ్ముడూ, ఏమీ అనుకోకు. పెళ్లి కెమెరాతో తీస్తే తెర మీద పెళ్లి వీడియోలాగే ఉంటుంది.

చౌరస్తా
అన్నా, మీ చెల్లెలి పెళ్లి తీసిందీ నేనే. అప్పుడు మీరు ఆ వీడియోను ఊరందరికీ పంపారు. మీరు హైదరాబాద్‌లో అసిస్టెంటుగా పనిచేసి పదేళ్లయింది. ఈలోగా ఈ చిన్న కెమెరాలు ఎక్కడికి వచ్చాయో చూడకుండా మాట్లాడుతున్నారు. మీకు నచ్చకపోతే చెప్పండి, ఆదివారం నాకు వేరే పనులున్నాయి.

హంటర్ రోడ్డు (ఎడిటింగ్)
ఇద్దరూ కాస్త ఆగండి. రాత్రంతా కూర్చుని అతికించాల్సింది నేను కాబట్టి నాకు కావలసింది చెబుతాను.

ఫొటోలూ వీడియోలూ రెండూ తీసే హైబ్రిడ్ కెమెరా అంటే 8 బిట్ రంగులే అని కొందరంటారు, అది పాతకాలపు మాట. పానాసోనిక్ జీహెచ్5 2017లోనే 10 బిట్ 4:2:2 (రంగు వివరం ఎక్కువగా దాచే పద్ధతి) లోపలి కార్డులోనే రికార్డు చేసింది. మార్క్ 4 కూడా అంతే. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1,024. తంగేడు పసుపు, బంతి నారింజ ఎండలో ఉన్నప్పుడు మెట్లు తక్కువైతే రేకులన్నీ కలిసి పసుపు ముద్దలా కనిపిస్తాయి. పోయినసారి ఎవరో ఫోనుతో తీసి పంపిన బతుకమ్మ గుర్తుందా? ఆమ్లెట్టులా ఉంది. పైగా ఆ గుడి నల్లరాయి. నల్లరాయి ముందు పచ్చని పూలు, తెల్లని గునుగు, పట్టు చీరల జరీ. అందుకే వెలుగునూ నీడనూ రెండిటినీ నిలిపే లాగ్ పద్ధతిలో తీయాలి, నీడలో ఉన్న స్తంభం చెక్కడమూ నిలవాలి, జరీ మెరుపూ చెదరకూడదు. ఈ పని రెండు రకాల కెమెరాలూ చేస్తాయి. సోనీవే చిన్నదైన ఎఫ్ఎక్స్3, మనం అనుకున్న ఎఫ్ఎక్స్6ల బొమ్మలు పక్కపక్కన పెడితే ఏది దేనిదో నేను చెప్పలేను. 2023లో వచ్చిన ఒక పెద్ద హాలీవుడ్ చిత్రాన్ని ప్రధానంగా ఎఫ్ఎక్స్3తోనే తీశారు. తేడా బొమ్మలో కన్నా పని సాగడంలో ఉంది. ఆగిపోకుండా తీస్తుందా, ధ్వని సరిగా వస్తుందా అన్నదే చూడాలి.

వడ్డేపల్లి (హాలు)
ఒక మాట. హాలు ప్రొజెక్టరు చూసి వచ్చాను. 1920 బై 1080. అంతే. 6కే, 8కే అని కొట్టుకోవద్దు.

హంటర్ రోడ్డు
అక్కా, ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం గొడవ తగ్గేది. 4కేలో తీయించుకుంటాను, కత్తిరించుకునే వీలుంటుంది. అంతకు మించి వద్దు.

ములుగు రోడ్డు
సరే, బొమ్మ సంగతి వదిలేద్దాం. పని సాగడం అన్నారు కదా, దాని గురించే నా భయం. మార్క్ 4లో ఫ్యాను లేదు. సెప్టెంబరు ఉక్కపోతలో నాలుగు గంటల నుంచి ఎండలో పెడితే ఏమవుతుంది? 2020లో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు 8కేలో వేడెక్కి ఆగిపోతోందని లోకమంతా మాట్లాడుకుంది. ఎండకు పెట్టే ఎన్‌డీ ఏదీ? మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800, షట్టర్ 1/50, ఎఫ్/4 పెట్టాలంటే ఎనిమిది స్టాపులు తగ్గించాలి. హెచ్‌డీఎంఐ తీగ ఎవరి మోచెయ్యి తగిలినా ఊడుతుంది. అద్దె ఎక్కువనుకుంటే బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కే తక్కువలో దొరుకుతుంది, అదైనా తీసుకోండి.

చౌరస్తా
బ్లాక్‌మ్యాజిక్ రంగులు నాకూ ఇష్టమే. కానీ దాని ఆటోఫోకస్ కదిలే మనిషిని వెంబడించదు. బతుకమ్మ ఆడేవాళ్లు గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు, చేత్తో ఫోకస్ లాగే మనిషి వేరే కావాలి. లోపలి బ్యాటరీ గంట కూడా నిలవదు. బయట బ్యాటరీ, రికార్డుకు బయట ఎస్ఎస్‌డీ డిస్కు, వాటి తీగలు... మోచెయ్యి తగిలితే ఊడేవి మీ దాంట్లోనే ఎక్కువన్నా.

వేడి సంగతి మాత్రం మీరన్నది నిజం. నేను ఒప్పుకుంటాను. నా పాత కెమెరా ఒకటి 29 నిమిషాలు దాటితే దానంతటదే ఆగేది. అరగంట రికార్డు చేసే కెమెరాకు ఐరోపాలో వీడియో కెమెరా సుంకం పడేదని కంపెనీలు అలా చేసేవి. అక్కడి పన్నుకు నేను ఇక్కడ తాళి కట్టే ఘట్టం పోగొట్టుకున్నాను. ఆ పెళ్లివారి వీధిలో ఇప్పటికీ నడవను.

ఖిలా వరంగల్ (సార్, హన్మకొండ)
పిల్లలూ, నేను ఇప్పుడే గుడి దాకా వెళ్లి వచ్చాను. మీరు ఎవరూ ఆలోచించని విషయం ఒకటుంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. స్టాండు, లైట్లు పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మూడు రోజుల్లో అయ్యే పని కాదు. చేత్తో పట్టుకుని తీయగలిగే కెమెరా ఏదో చూడండి. ఆరు దాటాక పొద్దు పోతుంది, అసలు జనం వచ్చేదే అప్పుడు.

హంటర్ రోడ్డు
స్టాండు లేదంటే లెక్కంతా మారిపోయింది. ఎఫ్ఎక్స్6 లోపల బొమ్మను పట్టే సెన్సరును నిలకడగా ఉంచే ఏర్పాటు లేదు. ఒట్టి బాడీయే 890 గ్రాములు. హ్యాండిల్, లెన్సు, బ్యాటరీ కలిస్తే రెండు గంటలు చేత్తో మోయడం కష్టం, చెయ్యి వణికితే తెర మీద అందరికీ కళ్లు తిరుగుతాయి. మార్క్ 4లో, ఎఫ్ఎక్స్3లో ఆ ఏర్పాటు ఉంది.

ములుగు రోడ్డు
భుజం రిగ్గు పెట్టుకోవచ్చు.

ములుగు రోడ్డు
సరే. ఆ తోపులాటలో భుజం రిగ్గు కుదరదు. నేను పెరిగిందీ అక్కడే కదా. అయితే ఒకటి అడుగుతాను, ఆరు దాటాక మార్క్ 4 ఏం చేస్తుంది? లాగ్‌లో దాని మూల ఐఎస్ఓ 800. ఎఫ్ఎక్స్3కి 12,800 దగ్గర రెండో మూలం ఉంది. చీకట్లో తేడా అక్కడే తెలుస్తుంది.

చౌరస్తా
ఇది మంచి ప్రశ్న. కరీంనగర్‌లో నాతో పెళ్లిళ్లు పంచుకునే మిత్రుడి దగ్గర ఎఫ్ఎక్స్3 ఉంది. అడుగుతాను.

కాజీపేట
పూలు, మలీద ఎవరు చూస్తున్నారో ఇంకా ఎవరూ రాయలేదు.

చౌరస్తా (గురువారం రాత్రి)
ఇస్తానన్నాడు. డబ్బు వద్దన్నాడు. బదులుగా కార్తీకంలో వాడు తీసే పెళ్లిళ్ల పనులకు నేను రెండు రోజులు వెళ్లాలి. ఆదివారం మధ్యాహ్నం బస్సులో తనే తెస్తాడు, తనే తీస్తాడు కూడా. దానికి ఫ్యాను ఉంది కాబట్టి ఎండలోనూ చీకట్లోనూ ఎఫ్ఎక్స్3తో వలయంలో దగ్గరి నుంచి తీస్తాం. నా కెమెరా నీడలో, గుడి ప్రహరీ పక్కన, వెడల్పు దృశ్యాలకు. పది నిమిషాలు తీసి ఆపుతాను. రెండు కార్డుల్లోనూ ఒకేసారి రికార్డు పెడతాను. వేడి హద్దు సెట్టింగును పైకి మారుస్తాను. మిగతాది మా అమ్మ నల్ల గొడుగు చూసుకుంటుంది.

ములుగు రోడ్డు
ఎన్‌డీ?

చౌరస్తా
తిప్పే ఎన్‌డీ నా దగ్గర ఉంది. కానీ వెడల్పు లెన్సు మీద ఎక్కువ తిప్పితే బొమ్మ మీద అడ్డదిడ్డంగా నల్లటి గీత పడుతుంది. ఆరు స్టాపుల స్థిరమైన ఫిల్టరు రెండు కొనాలి. వదినా, 14,500లో నుంచి తీసుకోవచ్చా?

సుబేదారి
బిల్లు తెస్తే తీసుకోవచ్చు. బిల్లు అంటే కాగితం, వాట్సాప్ మాట కాదు.

హంటర్ రోడ్డు
ఇద్దరూ 24 ఫ్రేములకు మార్చుకోండి, 25 వద్దు. షట్టర్ 1/50 దగ్గర కట్టేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీధిలైట్లు మిణుకుమనవు. సీరియల్ బల్బులు ఏం చేస్తాయో మాత్రం ముందు తీసి చూడాలి, కొన్నిటికి చారలు పడతాయి. ఎక్కువ బిట్‌రేటు, అంటే సెకనుకు రాసే డేటా, పెట్టొద్దు. 240 మెగాబిట్లంటే గంటకు 108 జీబీ. 100 మెగాబిట్లయితే 45. రెండు గంటల ఫుటేజీ అంటే 90 జీబీ, 50 మెగాబిట్ల లైనులో పంపడానికి నాలుగు గంటలు. ఆదివారం రాత్రి ఎక్కిస్తే సోమవారం నేను మొదలుపెట్టగలను.

వడ్డేపల్లి
పాటల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. గుడి దగ్గర స్పీకర్లు పెడతారు. ఆ హోరులో ఆడవాళ్ల గొంతు వినపడదు. ఎంత గొప్ప కెమెరా తెచ్చినా రికార్డయ్యేది డీజేనే. శనివారం సాయంత్రం మా అమ్మ, వాళ్ల వీధివాళ్లు మా వాకిట్లో పూలు ఏరుతారు, అప్పుడు పాడుతూనే ఉంటారు. ఆ పాట అక్కడ రికార్డు చేసుకోండి. అమ్మ ఆదివారం పొద్దున సిబ్బిలో గుమ్మడాకులు పరిచి పేరుస్తుంది, అదీ తీసుకోండి. అక్కడ స్టాండు పెట్టొద్దని ఎవరూ అనరు.

హంటర్ రోడ్డు
అక్కా, సినిమా మొత్తం అక్కడే ఉంది. గుడి చివరి నాలుగు నిమిషాలు చాలు.

కాజీపేట
మనం ఒప్పుకున్న స్క్రిప్టులో గుడి చరిత్ర అయిదు నిమిషాలుంది. సార్ వ్యాఖ్యానం కూడా రాశారు.

ఖిలా వరంగల్
నా వ్యాఖ్యానం వచ్చే ఏడాదికి దాచండి. ఆమె పాడితే నేను మాట్లాడటం ఎందుకు?

ములుగు రోడ్డు (శుక్రవారం ఉదయం)
తమ్ముడూ, నిన్నటి మాటకు ఏమీ అనుకోకు. నా దగ్గర ఉన్న చిన్న ఆడియో రికార్డరు మా నాన్న దగ్గర నక్కలగుట్టలో ఉంది. ఫోను చేసి చెప్పాను, వెళ్లి తీసుకో. రెండు ఎక్స్ఎల్ఆర్ మైకులు పెట్టుకోవచ్చు. ఒకటి అమ్మ దగ్గర, ఒకటి వాకిలి మధ్యలో. కెమెరా మైకును నమ్మకు. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత కలపడం తేలిక.

చౌరస్తా
తీసుకుంటానన్నా. నాన్న చాయ్ తాగకుండా పంపరు, గంట పడుతుంది.

సుబేదారి
హైదరాబాద్ దుకాణానికి వద్దని చెప్పేశాను. ఫిల్టర్లకు, కార్డుకు డబ్బు పంపాను. ఆ 14,500లో కొంత మిగిలేలా ఉంది. నన్ను నేనే గిచ్చుకుని చూసుకోవాల్సి వచ్చింది.

చౌరస్తా (శనివారం రాత్రి, హన్మకొండ)
వాకిట్లో తీసిన మూడు నిమిషాలు పంపాను, చూడండి. మబ్బు పట్టింది, ఎన్‌డీ అవసరమే పడలేదు. మధ్యలో పక్కింటి మోటారు మోగింది, ఆపించి మళ్లీ పాడించాం. రెండోసారి ఇంకా బాగా పాడారు. గునుగు కట్టలు కట్టే చేతులు చాలా దగ్గరగా తీశాను.

హంటర్ రోడ్డు
చూశాను. తంగేడు రేకులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒక్కటే మాట, ముఖాల మీద అరస్టాపు ఎక్కువ పెట్టు, నీడల్లో గరుకు తగ్గుతుంది. జరీ దగ్గర, వెలుతురు మించితే కెమెరా తెర మీద కనిపించే జీబ్రా గీతలు చూసుకో.

ములుగు రోడ్డు
ఎడమ మైకులో గాలి వినిపిస్తోంది. దూది కాదు, పాత ఉన్ని టోపీ ముక్క చుట్టు.

వడ్డేపల్లి
నాలుగుసార్లు చూశాను. అమ్మ నన్ను తిట్టడం కూడా రికార్డయింది, రెండు నిమిషాల పదో సెకను దగ్గర. అది తీసేయొద్దు.

చౌరస్తా
తీసేయను. బ్యాటరీలు అయిదూ చార్జింగులో ఉన్నాయి. కరీంనగర్ మిత్రుడి బస్సు రేపు ఒంటిగంటకు. వర్షం వచ్చేలా ఉంది, రెండో గొడుగు కోసం పక్కింటికి వెళ్తున్నాను.