ఐదోది తోడా, తోడ్పాటా?

గోదారిగట్టు: ఒక వాక్యం నాలుగు రోజులుగా బుర్ర తినేస్తోంది. ఏకకణ జీవుల వర్థనం గురించి చెప్పేటప్పుడు ఇంటర్‌లో మా బోటనీ మాస్టారు "నీరు, కర్బనం, నత్రజని, లవణం, తోడు, ఈ ఐదూ ఉంటే సీసాలో సంసారమే" అనేవారు. ఐదోది తోడేనా? తోడ్పాటు అన్నారేమో అని అనుమానం. నోట్సు చెదలు తినేశాయి.

చద్దన్నం: ముందు ఆ థలో చుక్క తీసేయండి. వర్ధనం. వృద్ధి, వర్ధిల్లు, అన్నిటికీ ధాతువు ఒకటే. ఇక తోడంటే చేమిరి, పాలలో వేసేది. అది విత్తనం లాంటిది, ల్యాబులో ఇనాక్యులం అంటారే, అది. తిండి సరుకుల వరసలో దాన్ని ఎలా కూర్చోబెడతారు? తోడ్పాటే అయ్యుంటుంది.

పెట్రీపిన్ని: ముప్పయ్యేళ్లు ల్యాబులో సూక్ష్మజీవులకి ప్లేట్లు పోసిన చేతులు బాబూ ఇవి. ఈ.కోలై అనే బ్యాక్టీరియాకి కాస్త గ్లూకోజు, అమ్మోనియం, ఫాస్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు పడేస్తే చాలు, విటమిన్లూ అమైనో ఆమ్లాలూ తనే వండుకుంటుంది. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా అలా కాదు. గొర్రె రక్తం కలిపిన అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద ఒంటరిగా గీస్తే మొండికేస్తుంది. అడ్డంగా స్టాఫ్ అనే ఇంకో బ్యాక్టీరియా గీత ఒకటి గీసి 37 డిగ్రీల దగ్గర పెట్టండి, తెల్లారేసరికి ఆ గీత పక్కనే బుల్లి బుల్లి చుక్కల్లా మొలిచి ఉంటుంది. స్టాఫ్ వల్ల ఎర్రకణాలు పగిలి, దానికి కావాల్సిన ఎన్‌ఏడీ అనే పదార్థం దొరుకుతుంది మరి. తోడంటే అదీ!

చద్దన్నం: పిన్నిగారూ, దాన్ని పొరుగింటి పుల్లకూర అంటారు :)

పెట్రీపిన్ని: రక్తాన్ని ఎర్రకణాలు పగిలేలా వేడి చేసి చాక్లెట్ అగార్ పోస్తే ఆ పొరుగు కూడా అక్కర్లేదులే. (అందులో చాక్లెట్ ఉండదు, రంగుకి ఆ పేరు. మా కొత్త పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు.)

ఉండిరోడ్డు: భీమవరం మాట రాకుండా ఈ చర్చ ఎలా ముగుస్తుందండీ? లాక్టోబాసిల్లస్ కేసై అనే బ్యాక్టీరియాకి ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) లేకపోతే ఎదుగుదల లేదు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ వాళ్లు ఆ పదార్థాన్ని పట్టుకుని 1945లో కృత్రిమంగా తయారు చేసినప్పుడు అక్కడ పరిశోధన నడిపింది మా యల్లాప్రగడ సుబ్బారావు గారే. గొట్టంలో కేసై పెరిగి ద్రవం ఎంత మసకబారితే అంత ఫోలిక్ ఉన్నట్టు లెక్క. కేసై కూడా పాలు పులియబెట్టే జాతే కదా. అంటే తోడుకే తోడు కావాల్సి వచ్చింది! చద్దన్నం గారు ఇప్పుడేమంటారు?

చద్దన్నం: ...పెరుగు తిని ఆలోచిస్తా.

మత్తేభం: ఆ కేసై మన పోతన గారి తుమ్మెద అన్నమాట. మందార మకరందమే కావాలి. అన్నట్టు ఆ పద్యంలో మదనములంటే ఉమ్మెత్తలేనా?

పెట్రీపిన్ని: మా నాన్న ఉమ్మెత్తలనే చెప్పారు.

మత్తేభం: మన్మథుడి పేరున్న పూలు కాబట్టి శ్లేష ఉందని నా వాదన. విడిగా పోస్టు పెడతా.

గోదారిగట్టు: అయ్యా, నా ఐదోది?

కొబ్బరితోట: నేనూ ఆ మాస్టారి శిష్యుణ్ణే, తర్వాతి బ్యాచ్. మాకు ఆరు చెప్పారు. ఆరోది "వెచ్చన". ఐదోది మాత్రం నాకూ గుర్తు లేదు.