వరద తర్వాత కల్వర్టుల ఇన్‌స్పెక్షన్: ఫోన్, డ్రోన్‌తో ఎంతవరకు పనవుద్ది?

అన్నలూ, కొంచెం సాయం కావాలి. నేను ఖమ్మం వైపు రోడ్ల పనుల్లో సైట్ ఇంజనీర్‌ని. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగినప్పుడు మేం బైకుల మీద తిరిగి కల్వర్టుల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పడేశాం, తీరా రిపోర్ట్ రాద్దామని కూర్చుంటే ఏ ఫొటో ఏ కల్వర్టుదో ఎవడికీ తెలీదు, వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే దాంట్లో ఉన్న లొకేషన్ ఎగిరిపోద్దంట, ఆ ముక్క మాకు పనంతా అయ్యాక తెలిసింది. ఒక పైపు కల్వర్టుకైతే రెండు రిపోర్టులు వెళ్లాయి, పక్కదానికి అసలు వెళ్లనేలేదు.

ఈసారి వానలకి ముందే ఫోన్‌లో క్యూఫీల్డ్ (మ్యాప్ మీద ఫొటోలు, వివరాలు ఎక్కించే యాప్) పెట్టుకుందామనుకుంటున్నా. సిగ్నల్ లేకపోయినా నడుస్తది, పైగా ఫ్రీ. కానీ ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. ముందే కల్వర్టులకి నంబర్లేసి మ్యాప్‌లో పెట్టుకుంటే సరిపోద్దా, సెంటీమీటర్లలో లొకేషన్ చూపించే ఆర్‌టీకే రిసీవర్ కొనాల్సిందేనా?

ఇంకోటి డ్రోన్. అప్రోచ్ (బ్రిడ్జి మీదికి ఎక్కే రోడ్డు) కోత, స్లాబ్ బాగానే కనిపిస్తాయి, ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అని డ్రోన్ ఫొటోల్ని కలిపే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్ కూడా చేశా. బ్రిడ్జికి అసలు దెబ్బ నీళ్ల కింద కదా, పిల్లర్ పునాది దగ్గర మట్టి కొట్టుకుపోవడం, బురద నీళ్లలో కెమెరాకి ఏం కనపడుద్ది? మా పెద్దాయన ఇప్పటికీ తాడుకి బరువు కట్టి లోతు చూస్తాడు, నిజం చెప్పాలంటే నాకు అదే నమ్మకం. చేపలు పట్టేవాళ్లు వాడే చిన్న సోనార్ (శబ్దంతో లోతు కొలిచేది) తెప్పకి కట్టి ఎవరైనా ట్రై చేశారా? వరద తగ్గేసరికి పునాది దగ్గర పడ్డ గుంత ఇసుకతో పూడిపోద్ది, మరి ఎప్పుడు కొలవాలి?