అడవిలో రెస్క్యూకి ఎవరు కావాలి? తాడు నేర్చుకున్న మెడిక్కా, వైద్యం నేర్చుకున్న రెస్క్యూ మనిషా?

నైట్‌డ్యూటీ_డాక్టర్:
ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పటి నుంచి (2025 ఫిబ్రవరి 22, నల్లమల అడవిలో దోమలపెంట దగ్గర) మా ఎమర్జెన్సీ వార్డులో టీ తాగేటప్పుడల్లా ఇదే గొడవ. దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఆర్మీ, నేవీ, ఎన్డీఆర్‌ఎఫ్, సింగరేణి టీములు వెళ్లాయి. ఆ ఎనిమిది మందిలో ఎవరూ ప్రాణాలతో బయటపడలేదు. ఒకవేళ ఒక్కరైనా బతికి ఉండి, కాలు శిథిలాల్లో ఇరుక్కుని ఉంటే, ఆ పక్కన కూర్చోవాల్సింది ఎవరు?

నా మటుకు నేను మెడిక్‌నే, అంటే రోజూ పేషెంట్లని చూసే డాక్టర్‌నో అంబులెన్స్ మనిషినో పంపాలంటాను. తాడు, చీకటి, బురద ఆయనకి అలవాటు చెయ్యాలి. ఎందుకంటే కాలు గంటల తరబడి బండ కింద నలిగితే, దెబ్బతిన్న కండరంలోని పొటాషియం బండ లేపగానే ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె మీద పడుతుంది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి బయటికి లాగిన కాసేపట్లోనే పోవచ్చు. అందుకే బండ కదపకముందే సెలైన్ మొదలుపెట్టాలి, పెద్దవాళ్లకి గంటకి లీటరు చొప్పున. అదీ ఎన్ఎస్ (నార్మల్ సెలైన్, ఉత్త ఉప్పునీళ్ల సీసా). చేతికందింది కదా అని ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) తగిలిస్తే అందులోనే పొటాషియం ఉంటుంది. ఇదంతా రెండు రోజుల క్లాసులో చెప్పొచ్చు. కానీ చల్లబడిపోయి నరం దొరకని చేతికి టార్చి వెలుగులో సూది ఎక్కించడం క్లాసులో రాదు.

గుట్టమీదోడు:
డాక్టర్ గారూ, నేను భువనగిరి గుట్ట మీద క్లైంబింగ్ నేర్పుతుంటాను. మెడికల్ వాళ్ల బ్యాచ్ వచ్చినప్పుడు ఒకసారి వచ్చి చూడండి. బండ అంచున వెనక్కి వాలి కూర్చోండి అంటే, భయానికి బండని కౌగిలించుకుంటారు. కౌగిలించుకోగానే కాళ్లు జారతాయి. తెలివి లేక కాదు, ఒంటికి అలవాటు లేక. ఆ అలవాటు నెలల మీద వస్తుంది. ఉత్తరకాశీలో నిమ్ (నెహ్రూ పర్వతారోహణ సంస్థ) వాళ్లు సెర్చ్ అండ్ రెస్క్యూ కోర్సుకి పర్వతారోహణలో బేసిక్, అడ్వాన్స్‌డ్ రెండూ పాసైనవాళ్లనే తీసుకుంటారు, ఊరికే కాదు.

2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లి, వాగు పొంగి దాదాపు 80 మంది అడవిలో చిక్కుకుపోయారు. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు వెళ్లి తీసుకొచ్చారు. వాగు దాటడం రాని డాక్టర్ ఎంత గొప్పవాడైనా ఆ రోజు ఇవతలి ఒడ్డునే ఉండేవాడు. ఇంకో మాట. తాడుకి కదలకుండా వేలాడుతున్నవాడు నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. వాణ్ని దించడమే వైద్యం. ఆ వైద్యం మాకే వచ్చు.

చార్మినార్_చౌరస్తా:
హెలికాప్టర్ పంపిస్తే అయిపోదా, ఎందుకింత చర్చ?

గుట్టమీదోడు:
వానాకాలం నల్లమలలో పైన మబ్బు, కింద చెట్లు. ఎక్కడ దింపుతావ్ బ్రదర్?

గోదావరిఖని_బాబాయ్:
సింగరేణి రెస్క్యూలో చేసి రిటైరయినవాణ్ని, ఇప్పుడు కూకట్‌పల్లిలో పిల్లల దగ్గర ఉంటున్నా. మీరిద్దరూ గాలి ఆడే చోటు గురించే మాట్లాడుతున్నారు. గ్యాసున్న గనిలోకి వెళ్లాలంటే వీపు మీద పదిహేను కిలోల ఆక్సిజన్ సెట్టు, మొహానికి మాస్కు. సెట్టు నాలుగు గంటలు నడుస్తుంది, అందులో తిరిగొచ్చే టైమూ కలిపే లెక్క. మాస్కులోంచి మాట సరిగ్గా వినపడదు కాబట్టి కెప్టెన్ హారన్ కొట్టి సిగ్నల్ ఇస్తాడు. గ్లవ్స్ వేసుకుని నాడి పట్టుకోండి చూద్దాం. అక్కడ మీ మెడిక్ మాతో సమానంగా నడవకపోతే టీం మొత్తం ఆగుతుంది. మా ట్రైనింగులో ఫస్ట్ ఎయిడ్ ఎటూ తప్పనిసరే, దాన్నే ఇంకాస్త పెంచండి.

ఈఎంటీ_మేడ్చల్:
అందరూ మా గురించే, అంటే అంబులెన్స్‌లో వచ్చి వైద్యం చేసే ఈఎంటీల గురించే మాట్లాడుతున్నారు, మమ్మల్ని మాత్రం ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. ఆ బండి ఎక్కినవాళ్లకి పద్ధతి తెలుసు. పేషెంటుని చూస్తాం, కాల్ సెంటర్‌లో ఉన్న డాక్టర్‌కి చెప్తాం, ఆయన సలహా మీద మందు ఇస్తాం. మరి సిగ్నలే లేని అడవిలో? నాకు తాడు నేర్పి లోయలోకి దింపినా, డాక్టర్‌ని అడక్కుండా నొప్పి మందు ఇచ్చే అధికారం కాగితం మీద లేకపోతే చెయ్యగలిగింది ఫోన్ పైకెత్తి టవర్ కోసం వెతకడమే. ముందు ఆ రాతపూర్వక ఆర్డర్లు ఇప్పించండి. నాకేమన్నా అయితే ఇన్సూరెన్స్ ఎవరిస్తారో కూడా అందులోనే రాయండి. తాడు తర్వాత నేర్చుకుంటా.

సిస్టర్_పద్మారావునగర్:
సూది, తాడు, సిగ్నల్ అయ్యాయా? స్ట్రెచర్ మీద రాత్రంతా మోసుకొచ్చే మనిషికి ముందుగా వచ్చేది మూత్రం. దాని గురించి ఒక్కరూ అనలేదు! వాడు సిగ్గుపడి చెప్పడు, బట్టల్లోనే పోస్తాడు, తడికి ఒళ్లు చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, ఆగిన గాయం మళ్లీ కారుతుంది. అందరూ దుప్పటి పైన కప్పుతారు. చలి కింద నుంచి లాగుతుంది, ముందు వీపు కింద పరవాలి.

బెల్టులు బిగించే ముందు వెనక జేబు చూడండి. పర్సో, తాళాలగుత్తో ఉంటుంది. స్పృహలో లేనివాడు నొప్పని చెప్పలేడు. కొన్ని గంటలు దాని మీదే ఉంటే అక్కడి చర్మం కమిలిపోతుంది. మడమల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. నీళ్లడిగితే ఇవ్వాలా వద్దా, కడుపు మీద దెబ్బుందా లేదా, అది గంటగంటకీ చూసుకోవాలి. ఇది మీ కోర్సుల్లో ఎక్కడుంది?

నైట్‌డ్యూటీ_డాక్టర్:
సిస్టర్ గారు చెప్పినవే నా వాదనకి బలం. సిటీలో మా పని గంటలోపు తేలిపోతుంది, పక్కనే సీటీ స్కాన్ ఉంటుంది. అడవిలో అదే పేషెంటు తెల్లారేదాకా నీ చేతిలో ఉంటాడు. గంటగంటకీ మారే మనిషిని కనిపెట్టుకుని ఉండాలంటే రోజూ పేషెంట్లతో ఉండేవాళ్లే కావాలి. ఆల్ప్స్ వైపు ఎప్పట్నుంచో డాక్టర్లకే తాడు నేర్పుతున్నారు, మౌంటెన్ మెడిసిన్ డిప్లొమాకి 1997లోనే అంతర్జాతీయంగా ప్రమాణాలు పెట్టుకున్నారు. మనకి భువనగిరి గుట్ట పక్కనే ఉంది. ఈఎంటీల్లో ఇష్టమున్నవాళ్లని తీసుకుని గుట్టమీదోడు తాడు నేర్పాలి, ఒక రాత్రి పూర్తిగా సిస్టర్ గారికి అప్పగించాలి. ఈఎంటీ తమ్ముడు అడిగిన ఆర్డర్లు కోర్సు కంటే ముందు రావాలి, అందులో నాకు వాదన లేదు. బాబాయ్ గారి గ్యాసు గని మాత్రం వేరే లెక్క, అక్కడ వాళ్ల మనుషులే వెళ్లాలి.

గోదావరిఖని_బాబాయ్:
బాగానే ఉంది. ఇంతకీ లోపల మాట ఎవరిది? నీ మెడిక్ సెలైన్ ఇంకా ఎక్కాలంటాడు, కెప్టెన్ వెంటనే బయటికి పదమంటాడు. అప్పుడు?

నైట్‌డ్యూటీ_డాక్టర్:
పైకప్పు కూలే ప్రమాదం, గ్యాసు, నీళ్లు... ఈ మూడింట్లో ఏది వచ్చినా కెప్టెన్ మాటే. మిగతా అన్నిట్లో మెడిక్ మాట.

గోదావరిఖని_బాబాయ్:
కింద ఉండేవి ఆ మూడే కదా డాక్టర్ గారూ.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
అందుకే సెలైన్ ఎందుకో, ఎంతసేపో కెప్టెన్‌కి కూడా లోపలికి దిగకముందే తెలిసి ఉండాలి. ఆ క్లాసుకి మీ కెప్టెన్లని పంపిస్తారా?

గోదావరిఖని_బాబాయ్:
అడిగి చూస్తా. నువ్వూ ఒకసారి మాస్కు పెట్టుకుని చూడు.