బిట్‌కామ్‌లో చేరితే నిజంగా ఏం వస్తుంది? ఐహెచ్‌కే ఉత్తరం కూడా అదేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. బెర్లిన్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఈమధ్యే ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది) పెట్టాను. పళ్ల డాక్టర్ల క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. కంపెనీ రిజిస్టర్ అయిన రెండో వారం నుంచి పోస్ట్ డబ్బా నిండిపోతోంది. ఐహెచ్‌కే నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏదో "రిజిస్టర్" పేరుతో, పైన గద్ద బొమ్మతో ఇంకోటి వచ్చింది, ఏడొందల చిల్లర యూరోలు కట్టమని. ఇవి చాలవన్నట్టు తెలిసిన కన్సల్టెంట్ ఒకాయన, బిట్‌కామ్ అనే ఐటీ కంపెనీల సంఘంలో సభ్యత్వం ఉంటేనే ప్రభుత్వ ఆర్డర్లు వస్తాయి, నేను ఇప్పిస్తా, నా ఫీజు వేరే అంటున్నాడు. ఇవన్నీ ఒకటేనా, వేర్వేరా? ఏది కట్టాలి, ఏది వదిలేయాలి? ఇంకో మాట, మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో టెస్టింగ్‌లో ఉన్నాడు, బిట్‌కామ్ లెటర్ ఉంటే వీసా తేలిగ్గా వస్తుందని వాడికెవరో చెప్పారట. నిజమేనా? నిజంగా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
తమ్ముడూ, ముందు ఆ కన్సల్టెంట్‌కి ఒక్క యూరో కూడా ఇవ్వకు. బిట్‌కామ్‌లో చేరడానికి మధ్యవర్తి అక్కర్లేదు, కంపెనీయే నేరుగా దరఖాస్తు పెట్టుకుంటుంది. సభ్యత్వం ఉంటేనే ప్రభుత్వ ఆర్డర్లు అన్నది పచ్చి అబద్ధం. టెండర్లకు వేరే చట్టం ఉంది, నువ్వు ఏ సంఘంలో ఉన్నావన్నది అక్కడ లెక్కలోకి రాదు. నేను ఇక్కడ నలభై మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చట్టాలు, నిబంధనల పని చూస్తాను, మా కంపెనీ ఆరేళ్లుగా బిట్‌కామ్ సభ్యురాలు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నువ్వు మూడింటినీ ఒకే గాటన కట్టేశావు. ఐహెచ్‌కే అంటే పరిశ్రమల, వాణిజ్య మండలి. అందులో చేరాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, 1956 నాటి చట్టం ప్రకారం నీ కంపెనీ ఇప్పటికే సభ్యురాలు. ఆ ఉత్తరం చించి పారేయకు, ఫారం నింపి పంపు. కొత్తవాళ్లకు మొదటి రెండేళ్లు ఫీజు ఉండదని ఎవరైనా అంటే నమ్మేయకు, ఆ వెసులుబాటు సొంత పేరు మీద వ్యాపారం పెట్టి లాభం తక్కువ ఉన్నవాళ్లకు, జీఎంబీహెచ్‌కి కాదు.

బిట్‌కామ్ అలా కాదు, ఇష్టమైతే చేరే సంఘం. 1999లో బెర్లిన్‌లో పెట్టారు, ఇప్పుడు 2,200కి పైగా సభ్య కంపెనీలు ఉన్నాయి, పెద్ద టెలికాం కంపెనీల నుంచి నలుగురైదుగురు ఉన్న స్టార్టప్‌ల దాకా. మన నాస్కామ్ లాంటిదనుకో. అది ప్రభుత్వ శాఖ కాదు, ఉద్యోగుల యూనియన్ కూడా కాదు, జీతాల బేరాలు వెర్డి, ఐజీ మెటాల్ లాంటి యూనియన్ల పని.

మరి చేసేదేంటి అంటే, అసలు పని చట్టాల దగ్గర. మంత్రిత్వ శాఖ డిజిటల్ రంగానికి సంబంధించిన ముసాయిదా తయారు చేస్తే సంఘాలకు పంపి అభిప్రాయం అడుగుతుంది, గడువు కొన్నిసార్లు రోజుల్లోనే ఉంటుంది. అప్పుడు సభ్య కంపెనీల వాళ్లంతా కూర్చుని, ఇది ఆచరణలో కుదురుతుందా, ఎక్కడ ఇబ్బంది అని రాసి ఇస్తారు. నేను మొదటిసారి వర్కింగ్ గ్రూప్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు ఎదురుగా మా పోటీ కంపెనీ వాళ్లే కూర్చుని ఉన్నారు, నాకేం మాట్లాడాలో తోచలేదు. మొదలవ్వగానే ధరల గురించి, కస్టమర్ల గురించి ఎవరూ నోరెత్తకూడదని పోటీ చట్టం నియమాలు చదివి వినిపించారు. తర్వాత దాదాపు రెండు గంటలు ఒక్క మాట మీదే గడిచింది. "తగిన భద్రతా చర్యలు" అని ముసాయిదాలో ఉంది. తగిన అంటే ఎవరికి తగిన? యాభై మంది కంపెనీకీ యాభై వేల మంది కంపెనీకీ ఒకటే కొలతా? బయటికి ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ, ఆ ఒక్క మాట ఎలా ఖరారవుతుందన్న దాన్నిబట్టే నీలాంటి చిన్న కంపెనీకి ఏటా ఎంత ఖర్చవుతుందో తేలుతుంది.

ప్రభుత్వ ఆర్డర్ల పుకారు ఎక్కడ పుట్టిందో నాకు అర్థమైంది. ఇక్కడి ప్రభుత్వ ఆఫీసులు ఐటీ కొనేటప్పుడు ఈవీబీ-ఐటీ అనే ప్రామాణిక ఒప్పందాలు వాడతాయి, వాటి షరతుల మీద పరిశ్రమ తరఫున ప్రభుత్వంతో చర్చించేది బిట్‌కామే. షరతులు చర్చించడం వేరు, ఆర్డర్ ఇప్పించడం వేరు. ఇంకోటి చెబుతా, ఇక్కడ కొత్త ఫోన్ కొంటే ధరలో 6.25 యూరోలు కాపీరైట్ వాటాగా పోతుంది. అలాంటి మొత్తాల మీద కాపీరైట్ హక్కుల సంస్థలతో బేరమాడే పని కూడా వీళ్లదే.

జవాబు 2:
పైన అక్క చెప్పినవన్నీ నిజమే, నేను ఒక్క విషయంలో తేడాగా ఆలోచిస్తా. బిట్‌కామ్‌లో పెద్ద అమెరికన్ కంపెనీల జర్మనీ శాఖలు కూడా సభ్యులే. క్లౌడ్ గురించో పోటీ గురించో చర్చ వస్తే వాళ్లకు కావలసిందీ మనలాంటి చిన్నవాళ్లకు కావలసిందీ ఒకటి కాకపోవచ్చు. చిన్న, మధ్యతరహా ఐటీ కంపెనీల కోసమే ఆఖెన్‌లో బిట్‌మి అనే సంఘం ఉంది. హోస్టింగ్, ఇంటర్నెట్ పనులైతే కొలోన్‌లో ఎకో ఉంది, అది 1995 నుంచి ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంటర్నెట్ నెట్‌వర్కులు కలిసే డీఈ-సిక్స్ దాని కంపెనీయే. చేరే ముందు ఈ మూడూ చూడు. బుండెస్టాగ్ (ఇక్కడి పార్లమెంటు) లాబీ రిజిస్టర్ 2022 నుంచి అందరికీ తెరిచి ఉంది, ఏ సంఘం ఎంత ఖర్చు పెడుతోంది, ఏ చట్టం మీద ఏం అడిగింది అన్నది అందులో వెతికి చదవొచ్చు. నేనైతే డబ్బు కట్టే ముందు అదే చదువుతాను.

జవాబు 3:
మీ బాబాయి కొడుకు సంగతి నేను చెబుతా, మ్యూనిక్‌లో మా తమ్ముడికి ఇదంతా దగ్గరుండి చేయించాను. బిట్‌కామ్ లెటర్‌తో వీసా రాదు, అలాంటి లెటరే లేదు, ఎవరైనా అమ్మజూపితే వెంటనే ఫోన్ పెట్టేయమనండి. కావలసింది ఇక్కడి కంపెనీ నుంచి ఉద్యోగ ఒప్పందం. 2023 నవంబరు నుంచి ఐటీ వాళ్లకు డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్లలో మూడేళ్ల సరైన అనుభవం ఉంటే బ్లూ కార్డ్ (నిపుణులకిచ్చే వర్క్ పర్మిట్) ఇస్తున్నారు, జీతం మాత్రం పరిమితి దాటాలి. 2025లో ఆ పరిమితి ఏడాదికి 43,759.80 యూరోలు, ఏటా మారుతుంది కాబట్టి దరఖాస్తు రోజున ఎంతుందో చూసుకోవాలి. డిగ్రీ ఉంటే విదేశీ డిగ్రీల వివరాలుండే అనాబిన్ సైట్‌లో యూనివర్సిటీ, కోర్సు రెండూ వెతికి ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోమనండి.

ఇంకొకటి. బిట్‌కామ్ ఐటీ ఖాళీల లెక్క చెబుతుంటుంది. 2023లో 1,49,000 అంది, 2025లో 1,09,000 అంది. ఇది కంపెనీలను అడిగి వేసిన లెక్క, అడిగేది కూడా మనుషులు కావలసిన కంపెనీల సంఘమే. అబద్ధమని కాదు, కానీ ఆ ఖాళీల్లో చాలావాటికి అనుభవం, జర్మన్ భాష అడుగుతారు. ఆ సంఖ్య చూసి హైదరాబాద్‌లో ఉద్యోగానికి రాజీనామా చేసి, అప్పు చేసి వచ్చినవాళ్లను నేను చూశాను, వాళ్ల ఇళ్లలో పడిన బాధ కూడా చూశాను. ముందు భాష నేర్చుకోమనండి, చేతిలో ఆఫర్ వచ్చాకే టికెట్.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. కన్సల్టెంట్‌కి వద్దని చెప్పేశా. మరి ఇప్పుడు ముగ్గురమే ఉన్నాం, మాకు ఈ సభ్యత్వం అవసరమంటారా? గద్ద బొమ్మ ఉత్తరం గడువు శుక్రవారం.

జవాబు 1:
గద్ద బొమ్మ ఉత్తరానికి డబ్బు కట్టకు, ముందు పూర్తిగా చదువు. కంపెనీ రిజిస్టర్ వివరాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, అవి చూసి కొత్త కంపెనీలకు ఇలాంటివి పంపేవాళ్లు చాలామంది. రిజిస్ట్రేషన్ అసలు బిల్లు కోర్టుల ఖజానా నుంచి వస్తుంది. అనుమానం ఉంటే ఐహెచ్‌కేకి ఫోన్ చేసి చదివి వినిపించు, అందుకేగా వాళ్లకు ఫీజు కడుతున్నావు.

సభ్యత్వం ఇప్పుడే వద్దు. బిట్‌కామ్ మార్గదర్శకాలు చాలావరకు సభ్యులు కానివాళ్లు కూడా ఉచితంగా దించుకోవచ్చు. మొదట ఈ-ఇన్వాయిస్ గురించి చదువు. 2025 జనవరి నుంచి కంపెనీల మధ్య ఈ-బిల్లు వస్తే నువ్వు తీసుకోగలగాలి, పంపడం 2028 కల్లా దాదాపు అందరికీ తప్పనిసరి, మామూలు పీడీఎఫ్‌ని ఈ-బిల్లుగా లెక్కించరు. డాక్టర్లు డేటా భద్రత గురించి అడుగుతారు కాబట్టి సైబర్ భద్రతా కూటమిలో పేరు నమోదు చేసుకో, 2012లో సమాచార భద్రతా కార్యాలయం బీఎస్ఐ, బిట్‌కామ్ కలిసి మొదలుపెట్టినది, చేరడానికి ఫీజు లేదు. ఆరోగ్య రంగం చట్టం ఏదైనా నీ సాఫ్ట్‌వేర్‌కి నేరుగా తగిలేలా వస్తోందంటే, నెలకు ఒకపూట మీటింగ్‌కి కూర్చునే మనిషి నీ దగ్గర ఉంటే, అప్పుడు చేరు. మనిషిని పంపకుండా ఊరికే ఫీజు కడితే లోగో తప్ప ఏమీ మిగలదు, మా కంపెనీకి మొదటి రెండేళ్లు అదే జరిగింది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఆ ఉత్తరం వెనక్కి తిప్పి చూశా అక్కా. కింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో "ఆంగెబోట్" అని ఉంది, అంటే ఆఫర్ అన్నమాట, బిల్లు కానే కాదు. మా స్నేహితుడు నిన్న రాత్రి బ్యాంక్ యాప్‌లో ఆ మొత్తం టైప్ చేసి కూడా పెట్టాడు, ఓకే నొక్కలేదు. ఐహెచ్‌కే ఫారం రేపు పొద్దున్నే పోస్ట్ చేస్తున్నా.