‘తను’ ఎవరని నేను అడగలేదు

ప్రశ్న: కృష్ణాతీరం

నమస్కారం. మాది విజయవాడ. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. మొదటి సంవత్సరమంతా ఊరి బయట ఉన్న ఒక రెసిడెన్షియల్ కళాశాల హాస్టల్లో ఉన్నది. అక్కడ పక్క మంచం అమ్మాయితో బాగా స్నేహం కుదిరింది. జువాలజీ రికార్డులో ఆ అమ్మాయి బొమ్మలన్నీ మా పిల్లే వేసిపెట్టేది, నేను ఔటింగ్ రోజున తీసుకువెళ్లిన సున్నుండలలో సగం తాను తినకముందే ఆమె కోసం తీసి పక్కన పెట్టేది. అప్పట్లో అది చూసి నేను మురిసిపోయాను కూడా. ఈ వేసవిలో ఆ అమ్మాయిని తల్లిదండ్రులు హైదరాబాదులో మరో కళాశాలలో చేర్చారు. అప్పటినుంచి మా పిల్ల కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోంది. మార్కుల బెంగ కాబోలనుకున్నాను.

పోయిన ఆదివారం సాయంత్రం మేడమీద ఆరిన బట్టలు తీస్తున్నప్పుడు, “అమ్మా, తను నాకు స్నేహితురాలు మాత్రమే కాదు, ఆ సంగతి తను వెళ్లిపోయాకే నాకు తెలిసింది” అన్నది. నాకు అర్థమైంది, అర్థం కానట్టు నిలబడ్డాను. ఏమనాలో తోచక దుప్పటి ఒక కొస దానికి అందించాను. ఇద్దరం మడతపెట్టి కిందికి దిగాము. ఆ తరువాత నాలుగు రోజులుగా మా మధ్య ఆ ప్రస్తావన లేదు.

మా ఆడపడుచుకు పేరు చెప్పకుండా, ఎవరి పిల్లో అన్నట్టుగా ఈ విషయం చెబితే, ఫలానా డాక్టరు రెండు నెలల్లో ‘మామూలుగా’ చేస్తాడని వెంటనే సలహా ఇచ్చింది. ఇది వయసుతో పోయేదేనా? డాక్టరు దగ్గరికి వెళ్లాలా? ఆ అమ్మాయి తల్లికి చెప్పడం నా బాధ్యత అవుతుందా? అన్నిటికంటే ముందు, ఆ మాట మళ్లీ ఎత్తాలంటే ఏ మాటతో ఎత్తాలో నాకు తెలియడం లేదు. పత్రికల్లో కనిపించే మాటను నా కూతురి గురించి నోటితో అనలేకపోతున్నాను.

సమాధానం: పాత హాస్టలు

మీ చివరి సందేహం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నా జీవితంలో చాలా ఏళ్లు అక్కడే ఆగిపోయాయి.

2001లో నాకు పదిహేడేళ్లు. గుంటూరులో ఇంటర్ హాస్టల్లో ఉండేదాన్ని. కరెంటు పోయిన రాత్రుళ్లు అందరం మేడమీదికి చేరేవాళ్లం. మెట్ల మీద వినిపించే చెప్పుల చప్పుళ్లలో ఆమెది ఏదో చీకట్లోనే పోల్చుకోగలిగేదాన్ని. అది ప్రేమ అని నాకు తోచలేదు. ప్రేమ అనే మాట హాస్టల్లో అబ్బాయిల సంగతికే వాడేవారు. ‘ఇష్టం’ అనే మాట ఉండనే ఉన్నది, పులిహోర మీద ఇష్టానికీ ప్రాణం పెట్టే ఇష్టానికీ మన భాషలో ఒకటే మాట కాబట్టి, నేను అందులో ఎవరికీ కనబడకుండా, నాకు నేనే కనబడకుండా దాక్కున్నాను. ఒక రోజు ఆమె తనకు సంబంధం వచ్చిందని, అబ్బాయి ఫోటో బాగుందని నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిగతా స్నేహితురాళ్లకు పెళ్లి కుదిరితే రాని ఏడుపు దీనికి ఎందుకు వచ్చిందని నన్ను నేను అడుగుకున్నప్పుడు, నేనెవరో మొదటిసారి తెలిసింది.

ఆ తరువాత గ్రంథాలయంలో పత్రికలు తిరగేశాను. ‘స్వలింగ సంపర్కం’ అనే మాట ఒక నేర వార్తలో దొరికింది. ఆ మాటకూ, చెప్పుల చప్పుడు కోసం నేను చెవులు రిక్కించడానికీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. నేను ఆమె చేయి పట్టుకున్నదే ఒకటి రెండు సార్లు, అదీ రోడ్డు దాటేటప్పుడు. మనసుకు జరిగినదాన్ని దేహానికి మాత్రమే కుదించి, దానికి నేరం వాసన పూసిన మాట అది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో, ఇటువంటి సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను సవాలు చేస్తూ పిటిషన్ పడిందని నాకు చాలా ఏళ్ల తరువాత గాని తెలియలేదు.

ఇంకొక సంగతి. తెలుగులో ‘తను’ అనే మాటకు లింగభేదం లేదు గదా, దాని అండతో నేను డిగ్రీ స్నేహితులకు నా ప్రేమకథ మొత్తం చెప్పగలిగాను. చిక్కల్లా క్రియతోనే. ‘తను వచ్చింది’ అంటే బయటపడిపోతాను, ‘వచ్చాడు’ అంటే అబద్ధమవుతుంది. ‘రాలేదు’, ‘చెప్పలేదు’, ‘ఉత్తరం రాయలేదు’ అంటే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని మూడేళ్లపాటు నా ప్రేమను లేదు, లేదు అనే చెప్పుకొచ్చాను. విన్నవాళ్లందరూ పాపం ఎవడో మోసగాడి చేతిలో పడ్డానని జాలిపడ్డారు.

మీ అమ్మాయి మీతో ‘స్నేహితురాలు’ అనే మాట దాచకుండా అన్నది. మీరు కొత్త మాట వెతకనక్కరలేదు. ఆ అమ్మాయిని పేరు పెట్టి, ఎలా ఉన్నదని అడగండి. నన్ను అలా అడిగినవారు ఎవరూ లేరు.

సమాధానం: విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

అమ్మా, బాలికల పాఠశాలలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని. ఒకరిని విడిచి ఒకరు ఉండలేని జంటలను ఎందరినో చూశాను. తరగతి మారితే జ్వరాలు తెచ్చుకునేవారు. వారిలో చాలామంది తరువాత పెళ్లిళ్లు చేసుకుని, పిల్లలతో వచ్చి నాకు కనబడుతున్నారు. కాబట్టి తొందరపడి పిల్లకు ఒక పేరు తగిలించవద్దని నా మనవి. ఈ వయసులో కలిగేది తరచుగా ఆకర్షణే. అలాగని తిట్టవద్దు, కొట్టవద్దు, చదువు మాన్పించవద్దు. పరీక్షలు అయ్యేవరకు ఆ విషయం కదపకపోవడం మంచిదని నాకు తోస్తోంది.

సమాధానం: పాత హాస్టలు

టీచరుగారూ, పేరు తగిలించవద్దన్న మీ మాటతో నేను ఏకీభవిస్తాను. అయితే పెళ్లి చేసుకుని పిల్లలతో మీకు కనబడినవారిలో నావంటివారు ఎందరో మీకు ఎలా తెలుస్తుంది? నేనూ మా టీచరుగారిని బజారులో కలిసినప్పుడు నవ్వుతూనే మాట్లాడాను. ‘అది ప్రేమ కాదు, ఆకర్షణ’ అనే వాక్యం అబ్బాయిని ప్రేమించిన పిల్లలకూ చెబుతాము, నిజమే. కాని వాళ్లు ఎప్పటికీ అబ్బాయిలనే ప్రేమిస్తారా అని ఎవరూ అనుమానించరు.

సమాధానం: మనస్తత్వ నిపుణురాలు, హైదరాబాదు

వైద్యం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ ఆడపడుచు సలహాలో అపాయం ఉన్నది. అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రుగ్మతల జాబితానుంచి 1973లో తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తొలగించింది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగ నిర్ధారణ జాతీయంగా గాని అంతర్జాతీయంగా గాని అంగీకరించిన ఇటువంటి వైద్య ప్రమాణాల ఆధారంగానే జరగాలి. అంటే రెండు నెలల్లో ‘మామూలుగా’ చేస్తానన్న ఆ డాక్టరు లేని జబ్బుకు మందు ఇస్తానంటున్నాడు. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇటువంటి ‘మార్పిడి చికిత్స’ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. దానికి దారితీసింది మద్రాసు హైకోర్టు 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వు. మదురై నుంచి ఇల్లు విడిచి చెన్నై చేరిన ఇద్దరు యువతుల వ్యాజ్యం అది. విచారించిన న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, ఈ విషయంలో తనకు అవగాహన చాలదని ఒప్పుకుని, తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకున్న తరువాతనే ఉత్తర్వు రాశారు. దుప్పటి మడతపెడుతూ మాట రాక నిలబడినందుకు మీరు సిగ్గుపడనవసరం లేదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ఇక ‘పోయేదేనా’ అన్న ప్రశ్న. అమెరికా పరిశోధకురాలు లీసా డైమండ్ కొందరు యువతుల జీవితాలను సుమారు పదేళ్లపాటు గమనించారు. వారిలో చాలామంది తమకు తాము పెట్టుకున్న పేరును కనీసం ఒక్కసారైనా మార్చుకున్నారు. ఉపాధ్యాయినిగారు ఊహించిన మార్పు ఉన్న మాటే గాని, దాని దిశ ఆవిడ అనుకున్నదే కావాలని లేదు. బయటివారు ఒత్తిడి చేసి అటువంటి మార్పు తేవచ్చని తన పరిశోధనను చూపినవారిని డైమండ్ స్వయంగా ఖండించారు. మీ అమ్మాయి రేపు తనను లెస్బియన్ (స్త్రీలను ప్రేమించే స్త్రీ) అనుకోవచ్చు, బైసెక్సువల్ (స్త్రీలనూ పురుషులనూ ప్రేమించగలిగినవారు) అనుకోవచ్చు, ఏ పేరూ వద్దనుకోవచ్చు. ఇప్పుడు ఆమెకు ఉన్నది తొలి ప్రేమ, ఎడబాటు. పరీక్షలయ్యేవరకు కదపవద్దన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. చెప్పిన తరువాత వచ్చిన మౌనాన్ని పిల్లలు జవాబుగానే తీసుకుంటారు.

ఆ అమ్మాయి తల్లికి దయచేసి చెప్పవద్దు. అది మీరు చెప్పవలసిన విషయం కాదు. ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో మీకు తెలియదు. ఆ పిల్ల చదువు ఆగిపోవచ్చు, దెబ్బలూ తినవచ్చు. మీ అమ్మాయి అనుమతి లేకుండా మీ భర్తకు కూడా చెప్పకండి.

అన్నం తినకపోవడం, నిద్రలేమి మరో రెండు వారాలు సాగితే, లేదా బతకాలని లేదన్న మాట ఒక్కసారి విన్నా, వెంటనే సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. మనిషిని ఎంచుకునేటప్పుడు, ‘మా అమ్మాయి ఒక అమ్మాయిని ప్రేమించింది, మీ అభిప్రాయమేమిటి’ అని ముందే ఫోన్లో అడగండి. ‘సరిచేద్దాం’ అంటే అక్కడికి తీసుకువెళ్లకండి.

చట్టం గురించి రెండు ముక్కలు: 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో వయోజనుల స్వలింగ ప్రేమ నేరం కాకుండా పోయింది. ఆ తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా, వీరికే గాక వీరి కుటుంబాలకు కూడా చరిత్ర క్షమాపణ చెప్పవలసి ఉన్నదని రాశారు. పెళ్లికి గుర్తింపు మాత్రం 2023 అక్టోబరు 17 తీర్పులో దక్కలేదు. మీ అమ్మాయి ఆ సంగతి మీకంటే ముందే వెతికి చదివి ఉంటుంది.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వంటింట్లో, పేరు పెట్టే అడిగాను. హైదరాబాదు హాస్టల్లో ఆ పిల్లకు భోజనం సరిపడుతోందా అన్నాను. మా అమ్మాయి చాలాసేపు నా ముఖంలోకి చూసింది. ఆ తరువాత గంటన్నర మాట్లాడింది. నేను ఎక్కువగా విన్నాను, మధ్యలో ఒకసారి పాలు పొంగిపోయాయి. ‘మీ నాన్నకు నువ్వు చెప్పమన్నప్పుడే చెబుతాను’ అన్నాను. ఇంకా వద్దన్నది.

పాత హాస్టలు గారూ, మీరు రాసినది చదివాక ఈ వేసవంతా గుర్తు చేసుకున్నాను. తను ఫోన్ ఎత్తలేదు, తనకు అక్కడ నచ్చలేదు, తను ఏమీ చెప్పలేదు అని మా పిల్ల రోజూ అంటూనే ఉన్నది. ఎవరే ఆ ‘తను’ అని నేను ఒక్కసారీ అడగలేదు. ఉపాధ్యాయినిగారూ, మీ మాటలో నాకు కోపం కనబడలేదు, నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఒక్కటి ఇంకా అడగాలి. దసరా సెలవులకు ఆ అమ్మాయిని మా ఇంటికి రమ్మంటానని మా పిల్ల అడుగుతోంది. వాళ్ల అమ్మ నాకు ఫోన్ చేసి మాట్లాడితే, ఏమీ దాచినట్టు కాకుండా, ఏమీ చెప్పినట్టు కాకుండా ఎలా మాట్లాడాలి?