సవ్యం, అపసవ్యం: సైకిల్ కప్పు బిగించేటప్పుడు ఈ మాటలు పనికొస్తాయా?

అందరికీ నమస్కారం. విషయం సైకిల్ రిపేరుదే అయినా చిక్కు మాటతో వచ్చింది కాబట్టి ఇక్కడే పెడుతున్నాను.

వైజాగ్‌లో మేం కొంతమందిమి ఆదివారాలు కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతాం, లేదంటే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా పోయొస్తాం. మౌంటెన్ బైకు ఉన్నవాళ్లు క్రాంకు, బాటమ్ బ్రాకెట్ ఇంట్లోనే సరిగ్గా బిగించుకోడానికి తెలుగులో ఒక కాగితం రాస్తున్నాం. బాటమ్ బ్రాకెట్ అంటే తెలియనివాళ్లకు: పెడళ్లు తగిలించే రెండు క్రాంకులనీ కలుపుతూ ఫ్రేము అడుగున ఒక ఇరుసు ఉంటుంది కదా, దాన్ని మోసే బేరింగులు, వాటిని పట్టుకునే రెండు కప్పులు, ఇదంతా కలిపి ఆ పేరు. ఆ కాగితంలో "కుడి కప్పును అపసవ్య దిశలో, ఎడమ కప్పును సవ్య దిశలో తిప్పి బిగించండి" అని రాశాం. లెక్క ప్రకారం తప్పేం లేదు. ఎక్కువ సైకిళ్లలో ఉండే ఇంగ్లిష్ మరలో (త్రెడ్డులో) చైను వైపు, అంటే కుడి కప్పుకి ఎడమ మర, అది గడియారానికి ఎదురు దిశలో తిప్పితే బిగుస్తుంది, రెండోవైపు మామూలు మర. కానీ చదివిన నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నారు.

మాలో ఉన్న సంస్కృతం మాస్టారు ముందు పట్టుకున్నారు. సవ్యం అంటే ఎడమ కదయ్యా అన్నారు. నిజమే, అమరకోశం చెప్పేది అదే, సవ్యం ఎడమ, అపసవ్యం కుడి. ఎడమ చేత్తో కూడా బాణం వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. తర్పణాల దగ్గర కూడా జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, కుడి భుజం మీదికి మారిస్తే అపసవ్యం. మరి తెలుగులో మనం "సవ్యంగా ఉంది" అంటే సరిగ్గా ఉందని. బడి పుస్తకాల్లో సవ్యదిశ అంటే గడియారం ముల్లు తిరిగే దిశ. ఒకే మాటకి ఎడమ, సరైనది, గడియారం వైపు, మూడు అర్థాలు. పైగా మన సంగతి చూడండి, చైను వైపు కప్పు విషయంలో అపసవ్యంగా తిప్పడమే సరైన పద్ధతి. కొత్తగా పానా పట్టుకున్నవాడు "అపసవ్య" అని చదవగానే ఇది విప్పడానికి చెప్పింది అనుకుంటాడు, అనుకుని ఇంకోవైపు బలమంతా పెడతాడు. అల్యూమినియం ఫ్రేములో త్రెడ్డు ఒకసారి చెడితే బాగుచేయించడం చిన్న ఖర్చు కాదు.

"ప్రదక్షిణంగా" అందాం, అందరికీ తెలిసిన మాట అన్నారు ఒకరు. నాకూ మొదట నచ్చింది. సింహాచలం గిరిప్రదక్షిణలో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడిచినవాళ్లకి ఆ దిశ ఒంట్లోనే ఉంటుంది. కానీ ఇక్కడ కప్పులు ఎదురెదురుగా రెండు ఉన్నాయి. ఏ కప్పు పని చేస్తుంటే దానికి ఎదురుగా నిలబడి చూస్తేనే ఆ దిశ కుదురుతుంది. చాలామంది సైకిల్‌కి ఒకే పక్కన కూర్చుని, అవతలి కప్పుని పైనుంచి వంగి తిప్పుతారు. అలా చూసేసరికి ప్రదక్షిణం కాస్తా అప్రదక్షిణం అయిపోతుంది.

మాకు దారి చూపించింది గాజువాకలో సైకిల్ షాపు పెట్టుకున్న ఒక పెద్దాయన. ఈ మాటలేవీ ఆయన వాడరు. "సైకిల్ని చక్రాల మీద నిలబెట్టండి బాబూ. పానా పిడి పైకి ఉండాల. వెనక చక్రం ఏపు లాగితే కప్పు బిగుస్తాది, ముందు చక్రం ఏపు తోస్తే ఊడుతాది" అన్నారు. రెండు వైపులా వేసి చూడండి, రెండిటికీ అదే మాట సరిపోతుంది! ఎడమ మర, కుడి మర అని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఏ పక్కన కూర్చున్నా వెనక చక్రం వెనకే ఉంటుంది. పెడళ్లకి ఇదే తిరగబడుతుంది, పానా పిడిని ముందు చక్రం వైపు తోస్తే పెడలు బిగుస్తుంది, వెనక్కి లాగితే ఊడుతుంది. ఈ రెండు వాక్యాలూ కాగితంలో మొట్టమొదటే పెట్టేశాం. ఒక్క షరతు మాత్రం లావు అక్షరాల్లో రాయాలి. ఇంట్లో స్టాండు లేక చాలామంది సైకిల్ని సీటు మీద, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెడతారు, అప్పుడు పానా పిడి పైకే ఉన్నా ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది.

కుడి, ఎడమ అనే మాటలు కూడా తీసేశాం. సీటు మీద కూర్చున్నవాడి కుడా, ఎదురుగా నిలబడ్డవాడి కుడా? "చైను వైపు", "చైను లేని వైపు" అంటే తిరుగులేదు.

ఇంకో రెండు మాటల గురించి మీ అభిప్రాయం కావాలి. ఈ కాలం క్రాంకుల్లో, షిమనో హాలోటెక్ 2 లాంటివాటిలో, ఇరుసు 24 మిల్లీమీటర్ల లావున బోలుగా ఉండి చైను వైపు క్రాంకుతోనే వస్తుంది. చైను లేని వైపు క్రాంకుకి చివర ఒక ప్లాస్టిక్ మూత, పక్కన రెండు బోల్టులు. మూతకి 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్ల బిగింపు బలం చాలు, బోల్టులకి 12 నుంచి 14 కావాలి. రెండిటికీ "బిగించండి" అని రాస్తే మూతని కూడా బోల్టులా బిగిస్తారు, బేరింగులు నలిగిపోతాయి. అందుకని మూతని "ఆనించండి", బోల్టుల్ని "బిగించండి" అని రాశాను. ఆనించడం అంటే తగిలి ఆగేదాకా, వదులు పోయేదాకా, అంతవరకే. తెలుగులో ఇంత చక్కని తేడా ఉండగా ఒకటే క్రియ ఎందుకు వాడాలి? బోల్టుల్ని మాత్రం ఒకటి మొత్తం బిగించేసి రెండోది పట్టుకోకుండా, ఇదికొంచెం అదికొంచెంగా బిగించాలి.

గ్రీజుకి "కందెన" అని రాశాను. పాతమాట అని ఇద్దరు వద్దన్నారు, నేను ఒప్పుకోలేదు. బండి ఇరుసుకి పూసేదే కందెన, ఇక్కడ పూసేదీ ఇరుసు భాగాలకే. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెత బాటమ్ బ్రాకెట్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది, మరలు పొడిగా ఉంటే తొక్కిన ప్రతిసారీ కీచుమంటుంది. మన దగ్గర సముద్రపు ఉప్పుగాలి కూడా కలిసింది. కందెన లేకుండా బిగించిన కప్పు కొన్నాళ్లకి ఫ్రేముతో ఒకటైపోతుంది, తర్వాత ఎంత పెద్ద పానా వేసినా కదలదు.

కింద కామెంట్లలో అడిగినవాటికి ఇక్కడే చెబుతున్నాను.

త్రెడ్డుకి "మర" ఎక్కడిది అని అడిగిన అక్కా, మరమేకు, మరచెంబు మీకు తెలిసినవే కదా, అందులోని మరే. షాపుల్లో త్రెడ్డు అంటారు, కాగితంలో రెండూ ఉంచాం.

చైను వైపు ఎడమ మర ఎందుకు పెట్టారన్నది మంచి ప్రశ్న. తొక్కేకొద్దీ కప్పు తన గూట్లో ఇరుసు తిరిగే దిశకి ఎదురుగా కొద్దికొద్దిగా జరగాలని చూస్తుంది. ఎడమ మర ఉంటే ఆ జరుగుడు బిగింపుగా మారుతుంది. ఇటాలియన్ పద్ధతిలో రెండువైపులా మామూలు మరే, అందుకే వాటిలో చైను వైపు కప్పు వదులవుతుందని పేరుంది. మౌంటెన్ బైకుల్లో అవి అరుదు. కప్పుల్ని నొక్కి దూర్చే ప్రెస్ ఫిట్ రకాలకి అసలు మరే ఉండదు, ఈ చర్చ వాటికి వర్తించదు.

క్రాంకు బోల్టులకీ ఇదే లెక్కా అన్న తమ్ముడికి: కాదు. పాత నలుపలకల ఇరుసుకి రెండువైపులా ఉండే బోల్టులు మామూలు మరవే, ఎదురుగా నిలబడి గడియారం వైపు తిప్పితే బిగుస్తాయి. హాలోటెక్ రకంలో పక్క బోల్టులూ అంతే.

వాషర్ల మాట కూడా అడిగారు. బాటమ్ బ్రాకెట్ దూరే ఫ్రేము గొట్టం వెడల్పు ముందు కొలవండి. షిమనో మౌంటెన్ క్రాంకుకి 73 మిల్లీమీటర్లయితే 2.5 మిల్లీమీటర్ల వాషరు చైను వైపు ఒకటి, 68 అయితే చైను వైపు రెండు, అటేపు ఒకటి. బాటమ్ బ్రాకెట్‌కే తగిలించే డిరైలర్ (గేర్లు మార్చడానికి చైనును జరిపేది) ఉంటే చైను వైపు ఒక వాషరు తగ్గుతుంది. కప్పుని మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించండి, చేత్తో తిరగకపోతే పానా ముట్టుకోకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి.

"ఆనించు"కి ఇంతకంటే మంచి మాట మీ వైపు ఉంటే రాయండి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ముఖ్యంగా.