ఎర్రగడ్డ సంతలో కొన్న పాత రందా, ఉలులు, రంపం: తుప్పు, పదును, పిడి, దాచడం

మేడమీద_షాపు:
హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక నంబర్ 4 సైజు ఇనుప రందా (చిత్రిక), మూడు ఉలులు (6, 12, 25 మి.మీ.), ఒక చేతి రంపం దొరికాయి. రందా అడుగంతా ఎర్ర తుప్పు, అక్కడక్కడా గుంటలు. రెండు ఉలులకు పిడి లేదు. రంపం పళ్ళు మొద్దుబారాయి. షాపంటే మేడ మీద 8 × 10 అడుగుల గది, ఒక గోడ వానాకాలంలో చెమ్మగిల్లుతుంది. ఏది ముందు, ఏది తర్వాత? నిమ్మ ఉప్పు నీళ్ళలో వేస్తే తుప్పుతో పాటు ఇనుమునూ తింటుందంటున్నారు, నిజమేనా?

తుమ్మపిడి:
కడిగే ముందు మొత్తం విప్పి చూడండి అక్కా. రందా నోటి (బ్లేడు బయటికి వచ్చే సందు) పక్కన, చెంపల (పక్క గోడలు) దగ్గర పగులుంటే దాని మీద శ్రమ పెట్టొద్దు. అది పోత ఇనుము, పగులు పెరుగుతుంది, మామూలు వెల్డింగుకు లొంగదు. అడుగున గుంటలుంటే ఫరవాలేదు, కర్రకు ఆనే భాగం సమంగా ఉంటే చాలు.

అసలు చూడాల్సింది బ్లేడు వెనకవైపు, అంటే ఏటవాలు లేని వైపు. మొనకు 3–4 మి.మీ. లోపు లోతైన గుంట ఉంటే, నూరుతూ పోయి మొన అక్కడికి చేరగానే పదునులో గాటు పడుతుంది, రందా పట్టిన పలక మీద సన్నటి గీత లేస్తుంది. గుంట దాటేదాకా అరగదీయాలి, లేదంటే బ్లేడు మార్చాలి. నంబర్ 4కు 2 అంగుళాల బ్లేడు పడుతుంది, సికింద్రాబాద్ రాణిగంజ్ టూల్స్ షాపుల్లో అడగండి. పాత బ్లేడు చేతిలో పట్టుకుని వెళ్ళండి, మధ్య గాడి వెడల్పు సరిచూసుకోవచ్చు.

బాలానగర్_ఫిట్టర్:
నిమ్మ ఉప్పు ఇనుమును తింటుంది, నిజమే. ముందు తుప్పును తింటుంది, అది అయిపోయాక ఇనుము మీద పడుతుంది. అందుకే రాత్రి వేసి మర్నాడు మధ్యాహ్నం దాకా మర్చిపోకూడదు.

లీటరు నీళ్ళకు 50–60 గ్రాములు. వేసే ముందు గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డు పూర్తిగా వదిలించాలి. జిడ్డున్న చోట నీళ్ళు పట్టవు, తుప్పు మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. వస్తువు మొత్తం మునగాలి. సగం బయట ఉంటే నీటి మట్టం దగ్గర చెరిగిపోని గీత పడుతుంది. ప్లాస్టిక్ టబ్బు వాడండి, అల్యూమినియం గిన్నె వద్దు. రెండు గంటలకోసారి తీసి బ్రష్షుతో రుద్ది చూడండి. మామూలు తుప్పుకు 4 నుంచి 6 గంటలు సరిపోతుంది. పోత ఇనుము మీద నల్లటి మసి మిగులుతుంది, అది ఇనుములోని కర్బనం, రుద్దితే పోతుంది.

ఎక్కువ మంది తప్పు చేసేది బయటికి తీసిన తర్వాతే. లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంట సోడా కలిపి అందులో కడగాలి, గుడ్డతో తుడవాలి, హెయిర్ డ్రయ్యర్‌తో చెయ్యి కాలేంత వేడి చేసి, ఆ వేడి మీదే నూనె రాయాలి. ఈ పనిలో పది నిమిషాలు ఆలస్యమైనా పసుపు తుప్పు మళ్ళీ అలుముకుంటుంది.

గదిలో_వడ్రంగం:
లోతైన తుప్పుకు కరెంటు పద్ధతి మేలు, మంచి ఇనుముకు నష్టం ఉండదు. లీటరుకు ఒక టీస్పూను చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. నెగటివ్ క్లిప్పు మన వస్తువుకు, పాజిటివ్ ఏదైనా పాత ఇనుప రేకుకు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. బోరు నీళ్ళు వాడితే సోడా వెయ్యగానే తెల్లగా విరుగుతుంది, అది నీటిలోని సున్నం. పని ఆగదు, కాకపోతే వస్తువు మీద తెల్లపూత పేరుకుంటుంది, తర్వాత కడిగేయాలి. పాజిటివ్‌కు స్టీలు చెంచా పెడితే?

బాలానగర్_ఫిట్టర్:
వద్దన్నా, స్టెయిన్‌లెస్ స్టీలు అస్సలు వద్దు. అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్ళలోకి దిగుతుంది. ఇంకొకటి, బుడగలుగా వచ్చేది హైడ్రోజన్. తలుపులు మూసిన గదిలో ఈ పని పెట్టొద్దు. క్లిప్పులు కదిలించే ముందు స్విచ్చు ఆపాలి, నిప్పురవ్వ చాలు అంటుకోడానికి.

ఆకురాయి_మూడుపలకలు:
రంపాన్ని మాత్రం రెండింటిలోనూ నానబెట్టకండి. పలచటి గట్టి ఉక్కు హైడ్రోజన్ పీల్చుకుంటే పెళుసవుతుంది, పళ్ళు వంచేటప్పుడు విరుగుతాయి. 240 నంబరు వాటర్ పేపరును (గరుకు కాగితం, నంబరు పెరిగితే నునుపు) చెక్కముక్కకు చుట్టి, కిరోసిన్ లాంటి పలచని నూనెతో పొడవునా రుద్దితే చాలు. పాత కంపెనీ ముద్ర ఉన్న చోట చెయ్యి తేలికగా పెట్టండి.

మేడమీద_షాపు:
తుప్పు వదిలింది. నిమ్మ ఉప్పుతో 5 గంటలు పట్టింది. ఇప్పుడు రందా అడుగు సమం చెయ్యాలి. విట్రిఫైడ్ టైలు మీద రుద్దవచ్చా?

తుమ్మపిడి:
టైలు నమ్మొద్దు, చాలా టైళ్ళు మధ్యలో ఉబ్బి ఉంటాయి. గ్రానైట్ కోసే షాపుల్లో కిచెన్ ప్లాట్‌ఫారం మిగులు ముక్క అడగండి, 2 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు. అది కూడా పరీక్షించాకే: ఉక్కు స్కేలు అంచు మీద నిలబెట్టి వెనక లైటు పెట్టి, పొడవునా, మూల నుంచి మూలకు చూడండి. 8 మి.మీ. అద్దం కూడా పనికొస్తుంది, కింద బల్ల సమంగా ఉంటేనే.

రందాలో బ్లేడు, దాన్ని నొక్కిపట్టే మూత (లివర్ క్యాప్) బిగించే ఉంచాలి, మొన మాత్రం లోపలికి లాగాలి. ఆ బిగింపుకు పోత కొంచెం వంగుతుంది. విప్పేసి సమం చేస్తే బిగించాక మళ్ళీ తేడా వస్తుంది. అడుగున మార్కరుతో అడ్డగీతలు గీసి, గ్రానైట్ మీద పరిచిన 80 పేపరు మీద పది పన్నెండు సార్లు తోసి చూడండి. గీతలు ఎక్కడ చెరగలేదో అక్కడ పల్లం. మొత్తం మెరవాలని పట్టుబట్టకండి. ముందు అంచు, నోటి ముందు భాగం, మడమ (వెనక కొస), ఈ మూడు చోట్లా గీతలు చెరిగితే రందా నడుస్తుంది. నోటి ముందు పల్లం మిగిలితే మాత్రం ఆగకూడదు, పొట్టు లేచేటప్పుడు కర్రను నొక్కిపట్టేది ఆ చోటే. తర్వాత 120, 180, 240, అక్కడితో చాలు. చేతులు నోటికి దగ్గరగా ఉంచి తోయండి. పిడి మీద బరువు వేస్తే మడమ ఎక్కువ అరిగిపోతుంది.

గదిలో_వడ్రంగం:
పదునుకు అదే గ్రానైట్ మీద 400, 800, 1200, 2000. మొదట వెనకవైపు, మొన నుంచి 20 మి.మీ. మేర అద్దంలా. ఏటవాలు 25 డిగ్రీలు, కొసన 30. పక్కల నుంచి బిగించే జిగ్గులో (బ్లేడును ఒకే కోణంలో పట్టుకునే సాధనం) రందా బ్లేడు 50 మి.మీ. బయటికి ఉంచితే 25 డిగ్రీలు, 38 ఉంచితే 30. ఉలికి 40, 30 మి.మీ. వెనకవైపు అంచు పొడవునా వేలికి గరుకు తగిలేదాకా తర్వాతి పేపరుకు పోవద్దు. మధ్యలో తగిలి మూలలో తగలకపోతే మూల ఇంకా మొద్దుగానే ఉందని అర్థం. చివర తోలుపట్టీ మీద ఆకుపచ్చ పాలిష్ పేస్టు పూసి, వెనక్కి లాగుతూ పదిసార్లు.

తుమ్మ, చింత లాంటి గట్టి కర్రలో తొలి (పలకల బెజ్జం) కొట్టే ఉలికి 30 సరిపోదు, మొన చిట్లుతుంది. 35 పెట్టండి.

బాలానగర్_ఫిట్టర్:
గ్రైండరు వాడేవాళ్ళకు ఒక మాట. మొన గడ్డిరంగు తేలితే 220 డిగ్రీల దగ్గర ఉన్నట్టు, నీలం తేలితే 300 దాటుతున్నట్టు. నీలమైన మేర మెత్తబడిపోయింది, అంతా అరగదీసేయాల్సిందే. రెండు సెకన్లు ఆనించడం, నీళ్ళలో ముంచడం. వేలు మొన దగ్గరే ఉంచుకుంటే వేడి ముందు వేలికే తెలుస్తుంది.

తుమ్మపిడి:
రందా బ్లేడు మీద కూర్చునే చిప్ బ్రేకర్‌ను చాలామంది వదిలేస్తారు. బ్లేడుతో కలిపి బిగించి వెలుతురుకు పెట్టి చూడండి. సన్నటి వెలుగు కనిపించినా పొట్టు అందులో దూరి ఇరుక్కుంటుంది, రెండు తోపులకే నోరు మూసుకుపోతుంది. దాని అంచును, వెనక భాగం కొంచెం కిందికి దించి పట్టుకుని, 400 మీద రుద్ది సందు లేకుండా చెయ్యాలి. మొనకు 0.4 మి.మీ. వెనక పెట్టండి. టేకులో పోగు (కర్ర నార) తిరగబడే చోట చిట్లుతుంటే 0.2కు తేవాలి.

మేడమీద_షాపు:
రంపం? కొనుక్కోవడం మేలా?

ఆకురాయి_మూడుపలకలు:
పళ్ళ కొసలు నల్లగా, నీలంగా ఉంటే అది నూరడానికి లొంగని గట్టి పంటి రంపం, ఆకురాయే అరుగుతుంది. అలా లేకపోతే తప్పకుండా నూరండి, ఒక్కసారి నేర్చుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

రెండు పలకల మధ్య రంపాన్ని బిగించాలి, పళ్ళు 6–8 మి.మీ. మాత్రమే పైకి. ఎక్కువ ఉంటే కీచుమంటూ వణుకుతుంది, ఆకురాయి పళ్ళు పోతాయి. ముందు బల్లపరుపు ఆకురాయిని పళ్ళ తలల మీద పొడవునా నడపండి, ప్రతి తల మీదా చిన్న మెరుపు చదరం కనిపించేదాకా. తర్వాత మూడు పలకల ఆకురాయి. దాని ఒక్కో ముఖం పంటి లోతుకు రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, లేదంటే మూలలు త్వరగా చస్తాయి. పోగు వెంబడి కోసే రంపానికి ఆకురాయి అడ్డంగా నేరుగా. పోగుకు అడ్డంగా కోసే రంపానికి 20 డిగ్రీల వాలు, ఒకటి విడిచి ఒకటి ఒక వైపు నుంచి, మిగిలినవి రెండో వైపు నుంచి. ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి ఎత్తి తేవాలి. మెరుపు చదరం మాయమైన క్షణమే ఆపండి. ఇంకో తోపు ఎక్కువైతే ఆ పన్ను పొట్టిదవుతుంది, దాని పని పక్కపన్ను మీద పడుతుంది.

పళ్ళను ఇటూ అటూ వంచడం పంటి పై సగంలోనే, మొదలు దాకా వంచితే విరుగుతుంది. ఎండిన టేకుకు కొంచెం చాలు, పచ్చి కర్రకు ఎక్కువ కావాలి. కోత ఒక పక్కకు లాగుతుంటే ఆ పక్క పళ్ళు ఎక్కువ వంగాయి. ఆ వైపు సానరాయితో తేలికగా ఒక్కసారి పొడవునా తీసి, కోసి చూడండి.

తుమ్మపిడి:
ఉలి పిడులకు నల్లతుమ్మ. బాగా ఎండినది, పోగు చివర నుంచి చివరకు నేరుగా ఉన్నది, 130 మి.మీ. పొన్నుకు (పిడి చీలకుండా తొడిగే లోహపు కట్టు) ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిన ముప్పావు అంగుళం రాగి పైపు, 15 మి.మీ. ముక్క. పొన్ను లేని పిడి మొదటి పెద్ద దెబ్బకే చీలుతుంది. పొన్ను ఎక్కించాకే బెజ్జం వెయ్యండి. ఉలి తోక (పిడిలో దిగే కొస) సన్నబడుతూ పోతుంది కాబట్టి బెజ్జమూ మెట్లుగా: 4 మి.మీ. బిట్టుతో 50 మి.మీ. లోతు, అదే బెజ్జంలో 6 మి.మీ. బిట్టుతో 25 మి.మీ. లోతు. మీ ఉలి తోక కొలిచి మార్చుకోండి. చేత్తో నొక్కితే 6 మి.మీ. మిగిలి ఆగాలి, ఆ మిగిలినది కొయ్య సుత్తితో దిగాలి. తోకను ఎర్రగా కాల్చి దించే పద్ధతి నాకు నచ్చదు. మాడిన కర్ర పొడిగా రాలి కొన్నాళ్ళకు వదులవుతుంది, వేడి మొన దాకా పాకితే పదునూ పోతుంది.

కొయ్య సుత్తికి చింత. తల 150 × 90 × 65 మి.మీ., అది ఒక్కటే దాదాపు 800 గ్రాములు తూగుతుంది. తొలి పైన 3 మి.మీ. వెడల్పు ఎక్కువ ఉంచి, కామను పైనుంచి దించండి. ఊపిన కొద్దీ బిగుస్తుంది, జిగురు అక్కర్లేదు.

బాలానగర్_ఫిట్టర్:
గీత గీసే కత్తి కూడా చేసుకోండి. వర్క్‌షాపుల్లో పారేసే పవర్ హ్యాక్సా (ఇనుము కోసే మర రంపం) బ్లేడు 120 మి.మీ. ముక్క, ఒక వైపే 20 డిగ్రీల ఏటవాలు. అది హైస్పీడ్ స్టీలు, గ్రైండరు వేడికి అంత తేలికగా మెత్తబడదు. ఎర్రబడ్డప్పుడు నీళ్ళలో మాత్రం ముంచొద్దు, పగులుతుంది. పళ్ళ అంచు మాత్రమే గట్టిదైన బ్లేడ్లూ ఉన్నాయి, వాటి వెన్ను పదును నిలబెట్టుకోదు.

గదిలో_వడ్రంగం:
దాచడం గురించి. చెమ్మ గోడను వదిలేసి ఎదుటి గోడకు పెట్టండి. 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీని నిలువునా 45 డిగ్రీలకు చీల్చితే రెండు కొక్కేల పట్టీలు వస్తాయి. ఒకటి గోడకు, రెండోది పనిముట్ల పలకకు. పలక వెనక 18 మి.మీ. సందు దానంతటదే మిగులుతుంది, గాలి ఆడుతుంది. అపార్టుమెంటు ఏఏసీ బ్లాకు (తేలికపాటి కాంక్రీటు ఇటుక) గోడైతే స్క్రూకు వేసే మామూలు ప్లాస్టిక్ గట్టాలు తిరిగిపోతాయి, ఆ బ్లాకుకు చేసినవే అడగాలి. తోలు సంచిలో ఉలులు వదలొద్దు, తోలులోని లవణాలకే తుప్పు పడుతుంది. పాలిథిన్ కవరు లోపల చెమటపడుతుంది.

మేడమీద_షాపు:
పైన కొబ్బరి నూనె రాస్తే చాలదా?

ఆకురాయి_మూడుపలకలు:
చాలదు. డిసెంబరు చలికి గడ్డకడుతుంది, ఎండకు పాడై జిగటవుతుంది, దుమ్ము అంటుకుంటుంది. కుట్టు మిషన్ నూనె నాలుగు చుక్కలు గుడ్డకు పట్టించి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి తుడవండి. రందా అడుగుకు కొవ్వొత్తి రుద్దండి, తుప్పు ఆగుతుంది, రందా జారుతుంది కూడా. పిడులకు అవిసె నూనె రాస్తే ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, దానంతటదే వేడెక్కి మండుతుంది. బయట పరిచి ఆరనివ్వాలి.

మేడమీద_షాపు:
చివరగా ఒకటి. ఇనుప సుత్తి కామ ఏప్రిల్, మే నెలల్లో వదులవుతుంది. నీళ్ళలో నానబెడుతున్నాను.

తుమ్మపిడి:
నీళ్ళకు కర్ర ఉబ్బి, ఇనుప కన్నుకు ఒరుసుకుని దాని పోగులు నలుగుతాయి, ఆరాక ముందుకంటే వదులవుతుంది. కామ కొసను నేలకేసి నిలువుగా కొట్టండి, తల కిందికి దిగి కూర్చుంటుంది. పైకి వచ్చిన కామను కోసేసి, పాత చీలను తీసి దానికంటే మందమైనది కొత్తది దిగగొట్టండి. చీలను మే నెలలోనే వేయండి, అప్పుడు కర్ర పూర్తిగా ఎండి ఉంటుంది, వానలకు బిగుసుకుంటుంది.